మాజీ సైనికుల నుంచి మార్కెట్‌ను కాపాడండి

దేశ ఆర్థిక వ్యవస్థకు ముప్పు ఎటునుంచి వస్తుందని అడిగితే మేధావులు ముడి చమురు అంటారు, రూపాయి అంటారు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం వైపో, సికింద్రాబాదు కంటోన్మెంటు చుట్టూ ఉన్న అల్వాల్, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వైపో వెళ్ళి నాలుగిళ్ళలో మంచాల కిందకి తొంగి చూసినవాడు ఆ మాట అనడు. అక్కడ నల్ల ట్రంకు పెట్టె ఉంటుంది. మూత మీద తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్. ఆ పెట్టె ఉన్న ఇంట్లో సూట్‌కేసుల కంపెనీకి పుట్టగతులుండవు. అమ్మాయి ఇంజినీరింగ్ హాస్టలుకి వెళ్ళినా, తండ్రి నంబరు మోసుకుంటూ అదే పెట్టె వెళుతుంది.

సమస్య తీవ్రత అర్థం చేసుకోవాలి. గుమాస్తా 60 ఏళ్ళకి గానీ రిటైరవడు. సిపాయికి 15 ఏళ్ళ సర్వీసుకే పెన్షను వస్తుంది కాబట్టి, నలభై నిండకుండానే ఇంటికొచ్చేస్తాడు. ఆ తర్వాత ఇంకో 40 ఏళ్ళు దుప్పటి కొనడు.

ఎందుకు కొనాలి? కంబళి ఉందిగా. ఒంటికి తగిలితే గీరుకుపోతుంది గానీ చావదు. 2021 అక్టోబరు 1న సైనిక సామగ్రి తయారుచేసే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టి, జవాన్ల బట్టలు, బూట్లు, గుడారాల ఫ్యాక్టరీలన్నిటినీ కాన్పూరు కేంద్రంగా ఒక కంపెనీ కింద పెట్టారు. దానికి ట్రూప్ కంఫర్ట్స్ అని నామకరణం చేసిన పెద్దమనిషి ఆ కంబళి కప్పుకుని ఒక్క రాత్రయినా నిద్రపోయి ఉండడు.

మా మిలటరీ బాబాయి ఇంట్లో దాన్ని పారేద్దామని పిన్ని అడిగింది. "పారేయడానికి వీల్లేదు, ఇంకా సర్వీసబుల్. పనికిరాదని కండెమ్ చేయాలంటే బోర్డు కూర్చోవాలి" అన్నాడాయన. "ఇదిగో, కూర్చున్నా" అంది పిన్ని, పీట లాక్కుని. కోరం లేదన్నాడు. కంబళి ఇప్పటికీ విధుల్లోనే ఉంది.

మంచుకొండల కోసం కుట్టిన పార్కా కోటు సంక్రాంతి నెలలో పాలకేంద్రం దగ్గర డ్యూటీ చేస్తుంది. బయట 18 డిగ్రీలు. లోపల మనిషి చెమటలు కక్కుతుంటాడు, జిప్పు మాత్రం దించడు. గ్రౌండ్‌షీటు మీద వడియాలు ఎండుతాయి. అంచుల్లో పెచ్చులూడిన ఎనామిల్ మగ్గుది ఇంకా బరువైన బాధ్యత: పొద్దున టీ, ఆపైన గడ్డానికి వేణ్ణీళ్ళు, పొద్దుగూకాక క్యాంటీన్ కోటా రమ్ము. ఒక్క పాత్ర ఇన్ని పనులు చేస్తుంటే గాజు గ్లాసుల వ్యాపారి ఏం తిని బతకాలి?

20 లీటర్ల జెర్రీక్యాన్ సంగతి వేరు. 1930ల్లో జర్మనీవాళ్ళు రూపొందిస్తే, యుద్ధంలో బ్రిటిషువాళ్ళు చూసి ముచ్చటపడి కాపీ కొట్టారు. పైన మూడు పిడులు: నిండుదాన్ని ఇద్దరు పట్టుకోవచ్చు, ఖాళీవి రెండూ ఒకే చేత్తో మోయొచ్చు. ఇంత ఆలోచనతో చేసిన వస్తువు మా ఊళ్ళో వరిచేను ఇంజనుకి డీజిలు మోస్తోంది. లెక్క ప్రకారం అది యూనిట్ ఆస్తి. ఇక్కడిదాకా ఎలా వచ్చిందని అడగడం మర్యాద కాదు. అడిగితే వేలంలో కొన్నానంటారు.

2022లో వచ్చిన అగ్నిపథ్‌తో పరిస్థితి చెయ్యి దాటుతోంది. నాలుగేళ్ళ సర్వీసు; ఆ తర్వాత బ్యాచ్‌లో 25 శాతాన్ని మించి ఉంచుకోరు. మిగతా కుర్రాళ్ళు పాతికేళ్ళు నిండీ నిండకముందే సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటిదారి పడతారు. పెన్షను ఉండదు కాబట్టి కొనే స్తోమత తగ్గుతుంది. మగ్గూ కంబళీ ఉంటాయి కాబట్టి కొనే అవసరమూ తగ్గుతుంది. వాళ్ళ ముందు అరవయ్యేళ్ళ ఆయుష్షుంది.

కనుక ప్రభుత్వం వెంటనే మార్పిడి పథకం ప్రకటించాలి. పాత కంబళి అప్పగించినవారికి కొత్త రజాయి ఉచితంగా ఇవ్వాలి. నాణ్యత విషయంలో మాత్రం అధికారులు జాగ్రత్తగా ఉండాలి. రజాయి రెండేళ్ళకి మించి మన్నితే దాన్నీ కండెమ్ చేయనివ్వరు.