బ్యాలెట్ మీద డబ్బిచ్చినవాళ్ల పేర్లు ఎందుకు లేవు?

కాలిఫోర్నియాలో ఓటున్న మన తెలుగువాళ్లని ఒక మాట అడుగుతాను. 2024 నవంబర్ బ్యాలెట్‌లో ప్రాప్ 34 అని ఒక ప్రాపొజిషన్, అంటే ఓటర్లే నేరుగా అవుననో కాదనో తేల్చే చట్ట ప్రతిపాదన ఉంది, గుర్తుందా? మందుల మీద వచ్చే ఆదాయాన్ని కొన్ని ఆరోగ్య సంస్థలు దాదాపు మొత్తం రోగుల కోసమే ఖర్చు పెట్టాలన్నది. ప్రచారమంతా పేషెంట్లు, పేషెంట్లు, పేషెంట్లు. వద్దనడానికి ఎవరికి మనసొస్తుంది? యాభై ఒక్క శాతం దాకా అవునన్నారు, పాసైపోయింది.

దాని వెనక డబ్బు ఎవరిది? దాదాపు మొత్తం కాలిఫోర్నియా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ది. అంటే ఇళ్లు అద్దెకిచ్చే ఓనర్ల సంఘం. ఓనర్లకి ఉన్నట్టుండి రోగుల మీద అంత ప్రేమ ఎలా పుట్టిందంటారా? ఎయిడ్స్ హెల్త్‌కేర్ ఫౌండేషన్ అనే సంస్థ 2018లో, 2020లో, మళ్లీ 2024లో అద్దెల నియంత్రణ కోసం ప్రాపొజిషన్లు పెట్టించింది. మూడోది అదే బ్యాలెట్‌లో ఉన్న ప్రాప్ 33. ఇక ప్రాప్ 34 ఏ సంస్థకి వర్తిస్తుందో ఆ షరతులు చదవండి. పదేళ్లలో రోగుల వైద్యం కాని పనులకి వంద మిలియన్ డాలర్లకి పైగా ఖర్చు పెట్టి ఉండాలి, పైగా తన అపార్ట్‌మెంట్ బిల్డింగుల్లో కనీసం ఐదొందల తీవ్రమైన ఉల్లంఘనలు ఉండాలి. ఆసుపత్రుల చట్టంలో అపార్ట్‌మెంట్లకేం పని? ఒక్క మనిషి కొలతలు తీసుకుని కుట్టిన చొక్కా అది.

నేనేమీ ఆ ఫౌండేషన్ తరఫున వకాల్తా పుచ్చుకోలేదు. వాళ్ల బిల్డింగులు ఎంత అధ్వానంగా ఉన్నాయో పత్రికల్లో చదివాను. అద్దెల నియంత్రణ మీద మనలోనే రెండు అభిప్రాయాలుంటాయి. సన్నీవేల్‌లో అద్దెకుంటూ ట్రేసీలో ఇల్లు కొని అద్దెకిచ్చినవాళ్లకైతే ఒక్కళ్లకే రెండు అభిప్రాయాలు. నా గొడవ అది కాదు. ఇది ఓనర్లకీ ఒక ఫౌండేషన్‌కీ మధ్య కొట్లాట అని తెలిసి ఓటేయడం వేరు, రోగుల సంక్షేమం అనుకుని వేయడం వేరు.

తమాషా ఏంటంటే, బ్యాలెట్ మీద కొన్ని పేర్లు ఉన్నాయి. 2022లో ఒక చట్టం చేశారు, ఏబీ 1416. దాని ప్రకారం ప్రతి రాష్ట్ర ప్రాపొజిషన్ కిందా సమర్థించేవాళ్లెవరు, వ్యతిరేకించేవాళ్లెవరు అని ఒక్కో వరుస వేస్తారు. ఆ పేర్లు ప్రభుత్వం ఓటర్లకి పంపే ఓటరు గైడ్‌లో వాదనల కింద సంతకాలు చేసినవాళ్లవి, లేదా ఆ వాదనల్లో కనిపించేవాళ్లవి. డబ్బిచ్చినవాళ్లవి కావు! ప్రాప్ 34కి మద్దతు వరుసలో రోగుల సంఘాల్లాంటి పేర్లున్నాయి. చెక్కు రాసినవాడి పేరు లేదు. పెళ్లికార్డు మీద పేర్లు వేసేటప్పుడు ఎవరిది వేస్తే బాగుంటుందని చూస్తాం కదా, ఇక్కడా అదే పద్ధతి. ఫైర్‌ఫైటర్లు, నర్సులు, టీచర్లు దొరికితే ముందు వాళ్లే.

“వెబ్‌సైట్‌లో అన్నీ ఉన్నాయిగా” అంటారు. ఉన్నాయి. ఈ విషయంలో కాలిఫోర్నియాని మరీ తీసిపారేయకూడదు. ఎన్నికల నిధుల మీద నిఘా పెట్టే ఎఫ్‌పీపీసీ అనే సంస్థ ఒక్కో పెద్ద కమిటీకి టాప్ 10 దాతల జాబితా పెడుతుంది. 2018 నుంచి యాడ్‌లలో యాభై వేల డాలర్లు, ఆపైన ఇచ్చిన మొదటి ముగ్గురి పేర్లు కనబడేలా వేయాలి. 2020 నుంచి సంతకాలు సేకరించే పిటిషన్లకీ అదే రూలు. అంటే యాడ్ మీద ఉంది, పిటిషన్‌తో ఉంది, వెబ్‌సైట్‌లో ఉంది. ఓటరు పెన్ను పట్టుకుని గుండ్రం నింపే కాగితం మీద మాత్రం లేదు. ఓటరు గైడ్‌లో కూడా చాలావరకు వెబ్‌సైట్ అడ్రస్ ఇచ్చి ఊరుకుంటారు. పది ప్రాపొజిషన్లు, కౌంటీవి, సిటీవి, స్కూల్ బోర్డు, జడ్జీలు... పిల్లల్ని పడుకోబెట్టాక డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇవన్నీ నింపే మనిషి, ఒక్కోదానికీ ల్యాప్‌టాప్ తెరిచి కమిటీల పేర్లు వెతుకుతాడా?

దాతల పేర్లు అచ్చు వేయడం కుదరదని అధికారుల వైపు నుంచి వినిపించే వాదనల్లో నేను సీరియస్‌గా తీసుకునేది ఒక్కటే. గైడ్ వేసవిలోనే ప్రింటుకి వెళ్లిపోతుంది, పెద్ద డబ్బు సెప్టెంబర్, అక్టోబర్‌లలో వస్తుంది, అప్పటికి జాబితా పాతబడిపోతుంది అని. నిజమే. కానీ ఊరికే ఏదీ బ్యాలెట్ మీదకి రాదు. ఇప్పుడు మామూలు చట్టానికైతే 5,46,651 చెల్లే సంతకాలు కావాలి, రాజ్యాంగ సవరణకైతే 8,74,641. వాటిని సేకరించడానికే మిలియన్లు కావాలి. ఆ మిలియన్లు ఇచ్చింది ఎవరో గైడ్ అచ్చయ్యేనాటికే తెలుస్తుంది. యాప్ డ్రైవర్లని ఉద్యోగులుగా కాక కాంట్రాక్టర్లుగా ఉంచడానికి తెచ్చిన ప్రాప్ 22 సంగతే చూడండి. ఎన్నిక 2020 నవంబర్‌లో. ఉబర్, లిఫ్ట్, డోర్‌డాష్ తలా ముప్పై మిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది 2019 ఆగస్టులో! ఏడాదికి పైగా టైముంది. “ఫలానా తేదీ నాటికి” అని ఒక ముక్క రాసి, ముగ్గురి పేర్లు వేయడానికి అడ్డమేంటి?

శాన్ ఫ్రాన్సిస్కో వాళ్లు వేస్తున్నారు కూడా. అక్కడి సిటీ ఓటరు పుస్తకంలో ఎవరైనా డబ్బు కట్టి వాదన వేయించుకుంటే, కింద ఆ డబ్బు అసలు ఎవరిదో, ఆ కమిటీకి ఎక్కువ ఇచ్చిన ముగ్గురెవరో అచ్చులో ఉంటుంది. పుస్తకం లావైపోయిందని అక్కడెవరూ ఏడవలేదు.

పేరు తెలిసినంత మాత్రాన ఏం మారుతుంది అంటారా? 1988లో కార్ ఇన్సూరెన్స్ మీద ఒకే బ్యాలెట్‌లో ఐదు ప్రాపొజిషన్లు వచ్చాయి, చదివితే తల తిరిగేవి. ఆర్థర్ లూపియా అనే రాజనీతి పరిశోధకుడు ఆ ఓటర్లని పరిశీలించాడు. చట్టాల వివరాలు పెద్దగా తెలియకపోయినా, ఇన్సూరెన్స్ కంపెనీలు ఎటువైపున్నాయో తెలిసినవాళ్లు, వివరాలు బాగా తెలిసినవాళ్ల మాదిరిగానే ఓటేశారని తేలింది. 2010లో మన కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ, పన్ను కట్టేవాళ్ల ఓటు హక్కు అని పేరు పెట్టి ప్రాప్ 16 తెచ్చింది. సారం ఏంటంటే, ఊళ్లు సొంతంగా కరెంటు సరఫరా మొదలుపెట్టాలంటే మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. సుమారు 46 మిలియన్లు పోసింది, ఓడిపోయింది. ఎవరి డబ్బో అందరికీ తెలిసిన పోటీ అది.

అయితే తెలిస్తే జనం వద్దనే అంటారని కాదు. ప్రాప్ 22కి కంపెనీలు రెండొందల మిలియన్లకి పైగా ఖర్చు పెట్టాయి, ఆ డబ్బు ఎవరిదో తెలియనివాళ్లు తక్కువ, అయినా 58 శాతం పైగా అవునన్నారు. సరే. తెలిసి వేశారు, వాళ్లిష్టం.

ఇండియాలో 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎలక్టోరల్ బాండ్లని కొట్టేసినప్పుడు మన గ్రూపుల్లో ఎంత హడావిడి! మార్చిలో జాబితా బయటికొచ్చి, హైదరాబాద్ కంపెనీ మేఘా పేరు రెండో స్థానంలో కనబడేసరికి ఎన్ని మెసేజ్‌లు, ఎన్ని లెక్కలు! డబ్బిచ్చింది ఎవరో తెలుసుకోవడం ఓటరు హక్కు అని కోర్టు చెప్పిందని మురిసిపోయాం. అదే గ్రూపుల్లో నవంబర్‌లో “ప్రాప్ 34కి ఏం వేయాలి బాబాయ్, ఒక చీట్ షీట్ ఉంటే పెట్టండి” అని అడిగారు. ఎవరో పెట్టారు, అందరూ చూసి వేసేశారు.

ఒక చోట మాత్రం నేను పారదర్శకత వీరులతో కలవను. ఇక్కడ వంద డాలర్లు ఇచ్చినా పేరు, వృత్తి, పనిచేసే కంపెనీ రికార్డుకెక్కుతాయి. 2008లో స్వలింగ వివాహాలు వద్దన్న ప్రాప్ 8కి వెయ్యి డాలర్లిచ్చిన బ్రెండన్ ఐక్, 2014లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లాకి సీఈవో అయిన కొద్ది రోజులకే ఆ చందా గొడవలో తప్పుకోవాల్సొచ్చింది. ఆయన అభిప్రాయం నాకు నచ్చదు. అయినా వంద, వెయ్యి ఇచ్చే మామూలు మనిషి పేరు ఇంటర్నెట్‌లో వేలాడదీస్తే ఓటర్లకి ఒరిగేదేం లేదు. ఆ పరిమితి పెంచండి. యాభై వేలు దాటినవాడి పేరు మాత్రం బ్యాలెట్ మీద పెద్ద అక్షరాల్లో వేయండి.

పేరంటే అసలు పేరు. 2012లో పన్నులు పెంచే ప్రాప్ 30ని ఓడించడానికి, యూనియన్ల రాజకీయ నిధులకి కళ్లెం వేసే ప్రాప్ 32ని గెలిపించడానికి అరిజోనా నుంచి 11 మిలియన్ డాలర్లు వచ్చాయి. ఎవరివని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లి అడిగితే, పోలింగ్ ముందురోజు ఇంకో సంస్థ పేరు, దాని వెనక మరో సంస్థ పేరు బయటపెట్టారు. మనిషి పేరు మాత్రం లేదు. మరుసటి ఏడాది మిలియన్ డాలర్ల జరిమానా కట్టి చేతులు దులుపుకున్నారు. చివరికి ఆ అరిజోనా ఓటర్లే 2022లో ప్రాప్ 211 పాస్ చేసుకున్నారు, డెబ్బై శాతం పైగా ఓట్లతో. భారీగా ప్రచారం చేసే సంస్థలకి ఐదు వేల డాలర్లకి పైగా వచ్చిన డబ్బుల మూలం ఎవరో, ఎన్ని చేతులు మారినా సరే, చెప్పి తీరాలి. మనకి కావలసింది ఆ చట్టం.

అది వచ్చేలోపు, కాస్ట్‌కో బయట క్లిప్‌బోర్డు పట్టుకుని ఎవరైనా ఆపితే “అఫీషియల్ టాప్ ఫండర్స్ షీట్ చూపించండి” అని అడగండి. ముఖ్య దాతల పేర్లు పిటిషన్ మీదే అచ్చేసి ఉండాలి, లేదంటే ఆ షీట్ చూపించి తీరాలి. షీట్ మీద నెల, సంవత్సరం రాసి ఉంటాయి, అవి కూడా చూడండి. పాత నెలదైతే సంతకం పెట్టకండి.