బీరువా జరపకుండా ఏం చూశారండీ?

ఇప్పుడే ఒక మనిషి మా ఇల్లు చూసి వెళ్లాడు. చెమ్మ, బూజు ఎక్కడున్నాయో పరీక్షించి చెబుతానని డబ్బు తీసుకున్న మనిషి. గది మధ్యలో నిలబడ్డాడు, ఎదురుగా ఖాళీగా ఉన్న గోడకు తేమ కొలిచే మీటరు రెండుచోట్ల ఆనించాడు, "గోడలు బాగానే ఉన్నాయి, ఆ మూల మచ్చ మీద ఒక కోటు పెయింటు వేయించండి" అన్నాడు. బీరువా జరుపుదామండీ అన్నాను. అక్కర్లేదన్నాడు. పావుగంట కూడా లేడు.

అతను వెళ్లాక నేనూ తమ్ముడూ ఆ చెక్క బీరువా జరిపాం. వెనక గోడ నేల నుంచి నడుము ఎత్తు వరకు నల్లగా ఉంది. బీరువా వెనక పలకను వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. ఆ గదిలో పడుకునేది మా అమ్మ. ఏళ్లుగా ఉబ్బసంతో బాధపడుతున్న మనిషి.

బయటి గోడకు ఆనించిన బీరువా వెనక గాలి ఆడదు. గోడ చల్లబడితే గదిలోని ఆవిరి అక్కడే నీరవుతుంది. అందుకే ముందు చూడవలసిన చోటు అదే. తర్వాత సింకు కింద, కిటికీ చట్రం అడుగున, స్నానాల గదికి అవతలి వైపు గోడ, స్లాబు మూలలు. వీటిలో ఒక్కదాని దగ్గరా అతను వంగలేదు. గదిలో ముక్కిపోయిన వాసన కొడుతుంటే అది ఎక్కడి నుంచి వస్తోందని ఒక్క మాట అడగలేదు. గాలిలో తేమ 60 శాతం దాటితే బూజుకు అనువు, 30 నుంచి 50 మధ్య ఉంటే మేలు. అదీ కొలవలేదు.

కోపం ఆపుకోలేక ఫోను చేశాను. అయితే నమూనా తీసి ల్యాబుకు పంపి బూజు ఏ రకమో తేల్చాలి, దానికి వేరే డబ్బు అన్నాడు! కంటికి కనిపిస్తున్న బూజుకు రకం ఎందుకు? ఏ రకమైనా తీసేయవలసిందే, నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టవలసిందే.

ఇక ఆ పెయింటు మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. తడిసినదాన్ని 24 నుంచి 48 గంటల్లో ఆరబెడితే చాలావరకు బూజు పట్టదు. నీరు వచ్చే దారి మూయకుండా పైన రంగు పూస్తే ఆ పొరే ఉబ్బి పెచ్చులుగా ఊడుతుంది, కింది నలుపు మళ్లీ బయటపడుతుంది. బ్రిటన్‌లోని రాచ్‌డేల్‌లో ఒక తండ్రి 2017లో ఇంట్లో బూజు ఉందని మొరపెట్టుకుంటే పెయింటు వేసుకోమన్నారు. 2020 డిసెంబరులో ఆయన కొడుకు చనిపోయాడు. రెండేళ్ల పసివాడు. ఆ ఇంట్లోని బూజే ప్రాణం తీసిందని 2022లో విచారణలో తేలింది. తర్వాత ఆ బిడ్డ పేరుతో చట్టం తెచ్చారు. తండ్రి చెప్పినప్పుడే విని ఉంటే ఏం పోయేది?

మేము అద్దెకున్న పాత ఇంట్లోనూ ఇదే జరిగింది. పడకగది గోడ చెమ్మగిల్లితే యజమాని "మీరు కిటికీలు తెరవరు, బట్టలు లోపలే ఆరేస్తారు" అని మా మీదికే తోశాడు. నేను గోడకు ఒక ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా గట్టిగా అతికించి, మర్నాడు అతని ఎదుటే విప్పాను. గది వైపు పొడిగా ఉంది, గోడ వైపు నీటి బొట్లు. అంటే తడి గోడలో నుంచి వస్తోంది, మా ఊపిరి నుంచి కాదు. కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు కూడా చూపించాను, ముల్లు తిరుగుతూనే ఉంది. గోడలో పైపు కారుతోందని ఇంకెలా చెప్పాలి? అయినా ఖాళీ చేసే రోజు గోడ పాడుచేశామని అడ్వాన్సులో కోత పెట్టాడు. ఆ డబ్బు పోయినందుకు కాదు, అమ్మ రాత్రంతా దగ్గుతూ కూర్చున్న ఆ రోజులకు మమ్మల్నే దోషులను చేసినందుకు ఇప్పటికీ క్షమించలేను.

అమ్మ మంచం ముందు గదిలోకి మార్చేశాం. బీరువా గది మధ్యలోనే ఉంది. రేపు పొద్దున అతన్ని మళ్లీ రమ్మన్నాను, మోకాళ్ల మీద కూర్చుని ఆ గోడ అడుగు చూసేదాకా వెళ్లనివ్వను.