మనుషులు దాటితేనే దాటే కళ

సినిమా సరిహద్దు దాటడానికి ఒక డిస్క్ చాలు, పాటకైతే అదీ అక్కరలేదు. నాటకం మాత్రం మనుషులు దాటితేనే దాటుతుంది. తెరలూ పెట్టెలూ పిల్లాజెల్లాతో ఊరూరా తిరిగిన సురభి వారిని ఎరిగిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. రెండు దేశాల మధ్య మాట పెళుసైన ప్రతిసారీ ముందుగా ఆగిపోయేది నాటక బృందమే కావడానికి కారణం కూడా ఇదే. ఈ అలవాటును నేను ఒప్పుకోలేను.

లాహోర్‌లోని అజోకా థియేటర్ చరిత్ర చూడండి. పాకిస్తాన్‌లో జనరల్ జియా ఉల్ హక్ సైనిక పాలన సాగుతున్న 1984లో మదీహా గౌహర్ ఆ బృందాన్ని ప్రారంభించి, మొట్టమొదట ఆడించిన నాటకం మన బాదల్ సర్కార్ బెంగాలీలో రాసిన ‘జులూస్’. సెన్సారు కత్తి వేలాడుతున్న రోజులు కనుక దాన్ని వాళ్ల అమ్మగారి ఇంటి ఆవరణలోనే ప్రదర్శించారు. కలకత్తా వీధుల మీది కోపంతో పుట్టిన నాటకం లాహోర్‌లో అక్కడి పాలకులకు తగిలేలా పలికిందంటే, నా దృష్టిలో సాంస్కృతిక వినిమయం అంటే అదే. శాలువాలు, ఉపన్యాసాలు, విందు భోజనాలతో ముగిసే అధికారిక పర్యటనలు ఎవరినీ నొప్పించవు, మర్నాటికి ఎవరికీ గుర్తుండవు కూడా.

అదే అజోకా 1993లో ‘ఏక్ థీ నానీ’ నాటకంలో మన నటి జోహ్రా సెహగల్‌నూ, పాకిస్తాన్‌లో స్థిరపడిన ఆమె చెల్లెలు ఉజ్రా బట్‌నూ ఒకే రంగస్థలం మీద నిలబెట్టింది. ఒకప్పుడు పృథ్వీ థియేటర్స్‌లో కలిసి నటించిన ఆ అక్కాచెల్లెళ్లు, అక్కకు ఎనభై దాటాక, సరిహద్దు విడదీసిన అక్కాచెల్లెళ్ల కథను తామే ఆడారు. ఏ దౌత్యవేత్త ప్రసంగం దానికి సాటి రాగలదు?

ఇక 2013 జనవరి. నియంత్రణ రేఖ వద్ద మన జవాన్లు ఇద్దరు మరణించాక, ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా నిర్వహించే భారత్ రంగ్ మహోత్సవ్ నుంచి పాకిస్తాన్ బృందాల ప్రదర్శనలను తప్పించారు. ఆ దుఃఖ సమయంలో నాటకాలేమిటని అడిగినవారి బాధ నాకు అర్థమవుతుంది, దాన్ని తేలికచేసి మాట్లాడను. అయితే అజోకా తెచ్చిన నాటకం ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో గురించి. విభజనకు ముందు ఇక్కడా, తర్వాత అక్కడా అశ్లీలత కేసుల్లో కోర్టు మెట్లెక్కిన రచయిత గురించి. ఆడవచ్చినవారు తమ దేశంలోని మతఛాందసంతో ఏళ్ల తరబడి తలపడుతున్న కళాకారులు. వారిని గుమ్మంలో ఆపితే సంతోషించేది వారిని అక్కడ ద్వేషించేవారే కదా!

ఉత్సవం తలుపులు మూసుకున్నాక ఢిల్లీలోని అక్షర థియేటర్ తన చిన్న వేదికను వారికి ఇచ్చింది. మంటో నాటకం అక్కడ ఆడింది.