డాంటేలో ప్రతి పెట్టెకీ ఆ టిక్ పెట్టకండి

"డాంటేలో చిటపటలు పోవాలా? అన్ని పరికరాలకూ సింక్ టు ఎక్స్‌టర్నల్ టిక్ పెట్టండి, ఎన్‌టీపీకి కలపండి, క్యాట్ 8 కేబుల్ వేయండి, స్విచ్‌లో కరెంటు పొదుపు ఆపేయండి." డిసెంబర్ సంగీత సీజన్ దగ్గరపడేసరికి చెన్నైలో మన తెలుగు సౌండ్‌వాళ్ల ఫోన్లన్నిట్లో ఇదే మెసేజ్. డాంటే అంటే మిక్సర్లూ స్టేజ్ పెట్టెలూ లాంటి పరికరాల మధ్య ఆడియోని నెట్‌వర్క్ కేబుల్ మీద పంపే పద్ధతి. వద్దని చెప్పినవాళ్లే మళ్లీ పంపుతున్నారు.

కేబుల్ సంగతి వదిలేయండి. వంద మీటర్ల లోపు గిగాబిట్‌కి క్యాట్ 6 చాలు, మిగిలిన డబ్బుతో మంచి నెట్‌వర్క్ స్విచ్ కొనండి.

ఎన్‌టీపీ (మామూలుగా ఇంటర్నెట్ నుంచి కంప్యూటర్ల గడియారాలు సరిచేసే పద్ధతి) ఉన్నది టైమెంతయిందో చెప్పడానికి. మిల్లీసెకన్లలో అటూ ఇటూ అయినా దానికి పట్టదు. మనకు 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి శబ్దాన్ని 48 వేల శాంపిల్స్‌గా కొలిచేటప్పుడు, ఒక్క మిల్లీసెకను అంటే 48 శాంపిల్స్. అందుకే డాంటే నెట్‌వర్క్‌లోని పరికరాలన్నిటినీ ఎంతో కచ్చితంగా ఒకే క్లాక్‌కి కలిపే పీటీపీ వాడుతుంది, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

నా కోపమంతా ఆ సింక్ టు ఎక్స్‌టర్నల్ టిక్ మీదే. అది పెట్టిన పెట్టె నెట్‌వర్క్ క్లాక్‌ని వదిలేసి తనకు బయటినుంచి వచ్చే వర్డ్ క్లాక్‌ని (ఒక్కో శాంపిల్ ఎప్పుడు తీయాలో చెప్పే తాళం లాంటి సిగ్నల్‌ని) పట్టుకుంటుంది. అన్నిటికీ ఒకే చోటినుంచి వర్డ్ క్లాక్ లాగి ఉంటే సరే. లేకపోతే వేదిక మీద తలా ఒక తాళం వేస్తున్నట్టే. రెండు క్లాకుల మధ్య తేడా 10 పీపీఎం (పది లక్షలకి పది) అనుకోండి, సెకనుకి దాదాపు అర శాంపిల్ జరుగుతుంది. లేటెన్సీ (శబ్దం చేరడానికి ఇచ్చే గడువు) 1 మిల్లీసెకను పెట్టుకుంటే అందులో ఉన్నదే 48 శాంపిల్స్, వంద సెకన్లకి ఖాళీ. చిటుక్కుమంటుంది, లేదంటే ఆ పెట్టె మ్యూట్ అవుతుంది. తేడా 1 పీపీఎమ్మే అయితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే అక్కడికి చేరడానికి దాదాపు 17 నిమిషాలు పడుతుంది. సౌండ్ చెక్ సాఫీగా అయిపోతుంది, రాగాలాపన మధ్యలో దెబ్బ తగులుతుంది. ఈ సలహా రాసిన మహానుభావుడు అప్పుడు మిక్సర్ దగ్గర ఉంటాడా? తిట్లు తినేది మన కుర్రాళ్లు.

బయటి క్లాక్ అసలు వద్దని కాదు. వీడియో వాళ్ల హౌస్ సింక్‌తో (వాళ్ల పరికరాలన్నీ అనుసరించే ఉమ్మడి క్లాక్‌తో) కలవాల్సి వస్తే తప్పదు. అప్పుడు కూడా ఆ టిక్ ఒక్క పెట్టెకే, ప్రిఫర్డ్ లీడర్ (మిగతా పెట్టెలన్నీ దాని క్లాక్‌నే అనుసరించాలన్న సెట్టింగ్) కూడా దానికే.

కరెంటు పొదుపు గురించి మాత్రం మెసేజ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పోర్టు కునుకు తీసి లేచేసరికి పీటీపీ మెసేజ్‌లు ఆలస్యమవుతాయి. చిటపటలన్న చోట ముందు చూడాల్సింది అదే, తర్వాత డాంటే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో క్లాక్ స్టేటస్. అక్కడ ఒకే చోటినుంచి వర్డ్ క్లాక్ లాగకుండానే ఒకటికి మించి పెట్టెలకి ఆ టిక్ కనిపిస్తే, సభకి బయల్దేరే ముందే తీసేయండి.