పదిహేడు గంటల డల్లాస్

హైదరాబాదు నుంచి డల్లాస్‌కి విమాన దూరం 14,400 కిలోమీటర్ల పైచిలుకు. గంటకి 850 చొప్పున ప్రయాణ కాలం 17 గంటలు. ఈ సత్యాన్ని సెలవిచ్చే మహానుభావుడు మీ ఫోనులోనే ఉంటాడు. అడిగీ అడగ్గానే చెప్పేస్తాడు.

ఆయన చేసిందల్లా గ్లోబు మీద దారం లాగి కొలవడం. ఆ దారం శంషాబాద్‌లో లేచి, హిమాలయాలు దాటి, సైబీరియా దాటి, ఇంచుమించు ఉత్తర ధ్రువం నడినెత్తిన ఎక్కి అవతలికి జారుతుంది. తెల్ల ఎలుగుబంట్లకి అనుకూలమే. మనం మాత్రం దుబాయో దోహానో దిగి ఎక్కాలి, అప్పటికి దూరం ఇంచుమించు పదిహేనున్నర వేలవుతుంది.

అసలు ప్రయాణం శంషాబాద్‌లో మొదలవుతుందని ఎవరన్నారు? మా అక్కాబావలది తెనాలిలో మొదలైంది, కూతురి పురిటికి. ఎక్కేది ఇద్దరు, సాగనంపేది ఆరుగురు. వరసగా టోల్‌గేట్లు, సూర్యాపేటలో ఇడ్లీ, విమానానికి నాలుగు గంటల ముందు హాజరు. కౌంటర్లో పెట్టె 25న్నర కిలోలు తూగింది. ఉండాల్సింది 23. అంతే, నేల మీద సంసారం పరుచుకుంది. గోంగూర సీసా బావ కోటు జేబులోకి వెళ్ళింది, కోటు ఒక పక్కకి వాలింది. సున్నుండల డబ్బా తీశారు, మళ్ళీ పెట్టారు. "ఆ పెనం తియ్యవే" అన్నాడు బావ. "అక్కడి పెనాల మీద అట్టు లేవదండీ" అంది అక్క, పెనాన్ని గుండెకి హత్తుకుని. వెనక క్యూ మొత్తం తీర్పు కోసం ఎదురుచూసింది. చివరికి పెనమే ఓడింది. అట్లపెనం ఒకటి రానూ పోనూ ఆరొందల కిలోమీటర్లు తిరిగి తెనాలి వంటింట్లో దిగింది. ఇది ఏ దారంతో కొలుస్తారు?

సరే, నవ్వుకున్నాం. మొన్న మా వీధిలో పెద్దాయన పోయాడు. కొడుకు డల్లాస్‌లో. ఎవరో కుర్రాడు ఫోను చూసి "పదిహేడు గంటలేనంట" అన్నాడు. ఆ మాట పట్టుకుని డల్లాస్ కొడుకు తల్లి మర్నాడు పొద్దుటి నుంచీ వీధి గుమ్మం వైపే చూస్తూ కూచుంది. ఏం పదిహేడు గంటలు? టికెట్ దొరికేసరికే పదకొండు గంటలు గడిచాయి. దుబాయ్‌లో రెండో విమానం తప్పింది, అక్కడ బెంచీ మీద మరో తొమ్మిది. తండ్రికి తలకొరివి పెట్టడానికి వస్తున్నవాడి ముందు అంకె ఒకటి పడేసి 'ప్రయాణ కాలం' అంటారా? సిగ్గుండాలి! ఆ తల్లి ముందు నిలబడి చెప్పమనండి ఆ లెక్క, చూస్తాను.

ఆయన పోయిన రాత్రే ఫ్రీజర్ బాక్సు అతను వచ్చాడు. "అబ్బాయిగారు ఎక్కడండీ?" అన్నాడు. డల్లాస్ అన్నాం. ఫోను తియ్యలేదు, దేన్నీ అడగలేదు. "మూడు రోజుల అద్దె రాసుకుంటానండీ" అని ప్లగ్గు పెట్టాడు.