ఐ7 వేస్తే కొత్తదైపోతుందా?

వారం రోజులుగా మా కుటుంబం గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, ఆఖరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: "పాత ల్యాప్‌టాప్ పారేయకండి. ఐ3, ఐ5 తీసేసి ఐ7 ప్రాసెసర్ వేయించండి. ర్యామ్ 16 జీబీ చేయండి. గ్రాఫిక్స్ కార్డు మార్చండి. వీలైతే ఎస్‌ఎస్‌డీ కూడా వేసుకోండి. కొత్తదానితో సమానంగా పరిగెడుతుంది, విండోస్ 11 కూడా ఎక్కుతుంది. అమ్మకాలు పడిపోతాయని కంపెనీలు ఈ సంగతి దాస్తున్నాయి."

మా బావ దీన్ని నాకు పంపి, కింద "బామ్మర్దీ, ఆదివారం వస్తున్నా, స్క్రూడ్రైవర్ రెడీగా పెట్టు" అని రాశాడు. ఇంట్లో ల్యాప్‌టాప్‌లు విప్పే అలవాటు ఒకసారి బయటపడ్డాక ఇవి తప్పవు. ఆయనకు ఫోన్లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

పారేయకండి అన్న మాటతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాత మొదలవుతుంది.

"ఐ3, ఐ5 తీసేసి ఐ7 వేయించండి."

ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ల రకాలు. వాటిని మార్చుకోవచ్చన్న ఈ మాట డెస్క్‌టాప్‌ల నుంచి వచ్చింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి విడివిడిగా సామాను కొని కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నవాళ్లకి ప్రాసెసర్ మార్చడం పెద్ద విషయం కాదు. చిన్న లీవర్ ఎత్తాలి, పాతది తీయాలి, కొత్తది పెట్టాలి. ల్యాప్‌టాప్‌లోనూ అంతే అనుకుంటారు. ఒకప్పుడు అది కొంతవరకు నిజమే కూడా. ఇంటెల్ రెండో తరం (2011), మూడో తరం (2012), నాలుగో తరం (2013) చిప్‌లలో చాలా వాటిని సాకెట్‌లో, అంటే తీసి మార్చుకునే గూడులో, పెట్టి ఇచ్చేవారు. ఐదో తరం నుంచి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు సాకెట్టే తీసేశారు. చిప్‌ను నేరుగా మదర్‌బోర్డుకి సోల్డర్ చేయడమే, అంటే కరిగించిన లోహంతో అతికించేయడమే. డెస్క్‌టాప్ చిప్ పెట్టుకుని వచ్చే బరువైన గేమింగ్ ల్యాప్‌టాప్‌లు కొన్ని ఉన్నాయి గానీ, ఈ మెసేజ్ చదివేవాళ్లలో అవి ఎవరి దగ్గరా ఉండవనే నా నమ్మకం.

మరి 2011-2014 మధ్య కొన్నవన్నీ మార్చుకోవచ్చా? అదీ కాదు. ప్రాసెసర్ పేరులో చివరి అక్షరం చూడండి. ఐ5-4210యూ అని ఉంటే ఆ "యూ" తోనే కథ అయిపోయింది, అది బోర్డుకి అతికించిన చిప్. హెచ్‌క్యూ ఉన్నా అంతే. ఎం, క్యూఎం, ఎంక్యూ ఉంటే ఆశ ఉంది. ఆశ అనే అంటున్నాను, ఎందుకంటే ఎం రకం చిప్‌లను సోల్డర్ చేసి ఇచ్చిన మోడళ్లూ ఉన్నాయి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి ప్యాకేజీ అన్న గడి చూస్తే తేలిపోతుంది. పీజీఏ అని ఉంటే సాకెట్, బీజీఏ అని ఉంటే సోల్డర్.

సాకెట్ ఉందని తేలాక కూడా రెండు గండాలున్నాయి. ఒకటి బయోస్, అంటే ఆన్ చేయగానే మొదట నడిచి భాగాలను గుర్తుపట్టే ప్రోగ్రామ్. లెనోవో థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లు టీ420 (2011), టీ430 (2012) రెండింటిదీ ఒకే సాకెట్. టీ430లోని మూడో తరం చిప్ తీసి టీ420లో పెడితే చక్కగా కూర్చుంటుంది, కానీ బూట్ కాదు. కంపెనీ ఇచ్చిన బయోస్‌కి ఆ చిప్ ఎవరో తెలియదు. రంధ్రంలో పట్టినంత మాత్రాన పనిచేస్తుందని కాదు.

రెండోది వేడి. దీంట్లో నా చేయి కాలింది, దాదాపు నిజంగానే. కొన్నేళ్ల కిందట నా ల్యాప్‌టాప్‌లో ఐ5-3230ఎం ఉండేది, 35 వాట్ల చిప్. ఆన్‌లైన్‌లో వాడిన ఐ7-3720క్యూఎం కొని వేశాను. నాలుగు కోర్లు (చిప్‌లో ఒకేసారి పనిచేసే భాగాలు), 45 వాట్లు. మొదటిసారే ఆన్ అయింది, డివైస్ మేనేజర్‌లో ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) కనిపించాయి, నేను ఇల్లంతా తిరిగి అందరికీ చూపించాను. పావుగంట వీడియో ఎన్‌కోడింగ్ పెట్టేసరికి ఫ్యాన్ మిక్సీలా అరవడం మొదలుపెట్టింది. వేడి హద్దు దాటకుండా చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటూ పోయింది. తప్పు చిప్‌ది కాదు. వేడిని లాగేసే ఆ హీట్‌సింక్, ఆ సన్నటి రాగి పైపు 35 వాట్లకి చేసినవి. అడాప్టర్ కూడా చిన్న చిప్‌ని లెక్కలో పెట్టుకుని ఇచ్చిందే. 45 వాట్ల చిప్ తీసేసి అదే నాలుగు కోర్లతో 35 వాట్లలో వచ్చే ఐ7-3632క్యూఎం వెతికి వేశాక గానీ మనశ్శాంతి దొరకలేదు. అంటే ఒక ప్రాసెసర్‌కి రెండు ప్రాసెసర్ల డబ్బు పెట్టాను. ఆ మొదటిది ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది.

ఇంకో సంగతి. ఐ7 అన్న పేరు చూసి మురిసిపోకండి. ఐ5-3320ఎంలో రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, 2.6 గిగాహెర్ట్జ్. ఐ7-3520ఎంలోనూ రెండే కోర్లు, నాలుగే థ్రెడ్లు, 2.9 గిగాహెర్ట్జ్. స్టిక్కర్ మారుతుంది, పని మారదు. "నీకు ఐ7 వేశాను" అని రిపేర్ షాపులో అంటే పూర్తి నంబర్ అడగండి. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపించే చిప్‌ల మీద "ఇంటెల్ కాన్ఫిడెన్షియల్" అని ముద్ర ఉందేమో చూడండి. అవి కంపెనీ పరీక్షల కోసం ఇచ్చిన నమూనాలు, అమ్మకానికి చేసినవి కావు. కొన్ని బయోస్‌లు వాటిని అసలు ఒప్పుకోవు.

సోల్డర్ చేసిన చిప్‌ని కూడా వేడి గాలితో ఊడదీసి వేరేది అతికించేవాళ్లు ఉన్నారు, అబద్ధం కాదు. బోర్డు మొత్తం పోయే రిస్క్ మీది, కూలీ అదనం, అయ్యాక బయోస్ ఒప్పుకుంటుందన్న హామీ లేదు. ఆ ఖర్చుకి కాస్త కలిపితే సెకండ్‌హ్యాండ్‌లో రెండు మూడు తరాలు కొత్త ల్యాప్‌టాప్ వస్తుంది.

"ర్యామ్ 16 జీబీ చేయండి."

సగం నిజం. 4 జీబీ ఉన్నవాళ్లు 8 చేసుకుంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 8 నుంచి 16 చేస్తే అందరికీ కనిపించదు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ చూడండి. మీ రోజువారీ పనిలో అది ఆరు జీబీ దాటకపోతే మిగతాది ఖాళీగా కూర్చోవడానికే. ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషీన్లు వాడే ఇంజనీరింగ్ పిల్లలకైతే 16 అవసరమే.

కానీ కొనేముందు చూసుకోవాల్సింది వేరే ఉంది. డీడీఆర్3 రకం ర్యామ్ స్లాట్‌లో డీడీఆర్4 రకం పట్టదు. మొదటిదానికి 204 పిన్నులు, రెండోదానికి 260, గాటు చోటు కూడా వేరు. బలంగా నొక్కితే విరిగేది స్లాటే. డీడీఆర్3లోనూ 1.5 వోల్టులది ఒకటి, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ ఒకటి. నాలుగో తరం యూ రకం చిప్‌లకు ఎల్ రకమే కావాలి. ఎల్ రకం పాత స్లాట్‌లో మామూలుగా నడుస్తుంది కాబట్టి అనుమానం ఉంటే అదే తీసుకోండి. ఇంకా పాత కోర్ 2 డ్యుయో రోజుల ల్యాప్‌టాప్‌లలో చిప్‌సెట్ పరిమితే 8 జీబీ, కొన్నింటిలో అంతకన్నా తక్కువ. 32 బిట్ విండోస్ వేసుకున్నవాళ్లకైతే 4 జీబీ దాటి పెట్టినదంతా దండగ.

"గ్రాఫిక్స్ కార్డు మార్చండి."

వద్దు. మీ ల్యాప్‌టాప్‌లో "కార్డు" లేదు, బోర్డు మీద అతికించిన చిప్ ఉంది, లేదా అదీ లేక ప్రాసెసర్‌లో కలిసి ఉంది. ఎంఎక్స్ఎం అనే మార్చుకునే కార్డులు కొన్ని వర్క్‌స్టేషన్లలో, గేమింగ్ మోడళ్లలో ఉండేవి. మీది అలాంటిదైతే ఆ సంగతి మీకు ముందే తెలిసి ఉంటుంది.

"వీలైతే ఎస్‌ఎస్‌డీ కూడా వేసుకోండి."

ఈ "వీలైతే" దగ్గరే నాకు అసలు కోపం వచ్చింది. మెసేజ్ మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట ఇదే, దాన్ని కరివేపాకులా ఆఖర్న వేశారు.

పాత ల్యాప్‌టాప్ నత్తనడక నడవడానికి చాలావరకు కారణం ప్రాసెసర్ కాదు, హార్డ్‌డిస్క్. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్క్‌లో ఒక్క చుట్టుకి 11 మిల్లీసెకన్లు పడుతుంది. అడిగిన ముక్క ముల్లు కిందకి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, దానికి ముందు ముల్లు సరైన వరుసకి జరగాలి. రెండూ కలిపితే సెకనుకు నూరు చోట్ల నుంచి కూడా చదవలేదు. విండోస్ లేచేటప్పుడు, క్రోమ్ తెరిచేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు అడుగుతుంది. అప్పుడు ఐ7 అయినా ఐ3 అయినా చేతులు కట్టుకుని ఎదురుచూడాల్సిందే. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం, సీపీయూ 10 శాతం కనిపిస్తుంటే రోగం ఏదో తెలిసిపోయినట్టే. హార్డ్‌డిస్క్ బదులు పెట్టే ఎస్‌ఎస్‌డీలో డేటా చిప్‌లలో ఉంటుంది, తిరిగేది ఏమీ లేదు, కాబట్టి ఆ నిరీక్షణే ఉండదు.

పాత బోర్డులో సాటా 2 (డిస్క్‌ని బోర్డుకి కలిపే పాత రకం కనెక్షన్) ఉంది, ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం రాదు అని కొందరు వెనకాడతారు. సాటా 3లో సెకనుకు సుమారు 550 ఎంబీ, సాటా 2లో అందులో సగం, నిజమే. కానీ మనకు లాభం వచ్చేది ఆ అంకె వల్ల కాదు, నిరీక్షణ పోవడం వల్ల. వేసుకోండి. కొనేటప్పుడు మాత్రం రెండున్నర అంగుళాల సాటానా, ఎంసాటానా, ఎం.2నా అని చూసుకోండి. ఎం.2 స్లాట్ ఉన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన రకం పనిచేస్తుందని కాదు, కొన్ని స్లాట్లు సాటా రకానికే.

విప్పారు కదా అని, బ్యాటరీ కనెక్షన్ తీసేసి ఫ్యాన్‌లో దుమ్ము కూడా దులపండి, చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చండి. వేడికి వేగం తగ్గించుకుంటున్న పాత చిప్ ఇలా శుభ్రం చేస్తే తన అసలు వేగానికి వస్తుంది. అది ఉచితంగా వచ్చిన అప్‌గ్రేడ్.

"విండోస్ 11 కూడా ఎక్కుతుంది."

ప్రాసెసర్ మార్చితే ఎక్కుతుందన్న అర్థంలో ఇది పచ్చి అబద్ధం. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అధికారికంగా అడిగేది, ఒకటి రెండు మినహాయింపులు వదిలేస్తే, ఇంటెల్ ఎనిమిదో తరం, ఆపైన టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు. సాకెట్ ఉన్న ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు నాలుగో తరంతో ఆగిపోయాయి. మార్చడానికి వీలున్నవన్నీ అర్హత లేనివే, అర్హత ఉన్నవన్నీ మార్చడానికి వీల్లేనివే. తనిఖీని తప్పించి ఎక్కించే దారులున్నాయి, కానీ వాటికి మీ పాత ఐ5 కూడా సరిపోతుంది, ఐ7 దేనికి? అలా ఎక్కించిన కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న భరోసా లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి ఈ టెన్షన్ న్యాయమైనదే. బ్రౌజర్, వీడియోలు, ఆఫీస్ ఫైళ్లు, అంతవరకే వాడేవాళ్లు విండోస్ బదులు వాడుకునే ఉచిత లినక్స్ మింట్ ఒకసారి పెన్‌డ్రైవ్ మీద నడిపి చూడండి.

"కంపెనీలు ఈ సంగతి దాస్తున్నాయి."

దాచలేదు. ఏ మోడల్‌లో ఏ భాగం మార్చవచ్చో స్క్రూలతో సహా చూపించే సర్వీస్ మాన్యువళ్లను పెద్ద కంపెనీలు చాలావరకు తమ సైట్‌లోనే పెట్టాయి. మార్చడానికి వీల్లేకుండా సోల్డర్ చేస్తున్నారని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను. అది దాచడం కాదు, కళ్లెదుటే చేస్తున్నారు.

బావ ఆదివారం వచ్చాడు. ఆయనది ఐ5-4210యూ. మాన్యువల్ తెరిచి ప్రాసెసర్ విడిగా లేదని, మదర్‌బోర్డుతో కలిపే ఉందని చూపించాను. కాసేపు నా మొహం, కాసేపు స్క్రీన్ చూశాడు. తర్వాత ఎస్‌ఎస్‌డీ బిగించి, ఖాళీగా ఉన్న స్లాట్‌లో ఇంకో 4 జీబీ డీడీఆర్3ఎల్ పెట్టి, ఫ్యాన్‌లోంచి వేలెడు దుమ్ము తీశాం. ఆన్ చేసి డెస్క్‌టాప్ వచ్చేలోపు చాయ్ పెట్టించుకునే అలవాటు ఆయనది. ఈసారి మా అక్క వంటింట్లోంచి గ్లాసులు తెచ్చేసరికే మెయిల్ చూసుకుంటున్నాడు.

"ఐ7 లేకుండానే?" అన్నాడు.

డ్రాయర్‌లో ఉన్న నా పాత చిప్ తీసి ఆయన చేతిలో పెట్టాను, కీచెయిన్ చేసుకోమని.