కోడి పోయినా పన్ను పోలేదు

మన సరుకు మీద ఫలానా దేశం 25 శాతం సుంకం వేసిందన్న వార్త అర్ధరాత్రి వస్తుంది. తెల్లారేసరికి ప్రభుత్వం ఏదో ఒకటి చేసి తీరాలి. చేయకపోతే ప్రతిపక్షం ఊరుకోదు, టీవీ చర్చలవాళ్లు అసలే ఊరుకోరు. అలాంటి వేళ టెన్షన్ పడకుండా చదువుకోడానికి పనికొస్తుందని, ప్రపంచ ప్రభుత్వాలన్నిటి మేలు కోరి ఎదురు సుంకాల గురించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఫీజు అక్కర్లేదు.

అన్నిటికంటే ముందు, ఆర్థికవేత్తల్ని పిలవొద్దు. 1930లో స్మూట్-హాలీ సుంకాల బిల్లు మీద సంతకం పెట్టొద్దని వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు అమెరికా అధ్యక్షుడు హూవర్‌కు అర్జీ పెట్టుకున్నారు. ఆయన అర్జీ అందుకున్నాడు, సంతకమూ పెట్టాడు. ఆ చట్టంతో అమెరికా కోడిగుడ్ల మీద డజనుకు 8 సెంట్లున్న సుంకాన్ని 10 సెంట్లు చేసింది. కెనడా ఊరుకుంటుందా? 3 సెంట్లున్న తన సుంకాన్ని అదీ 10 చేసింది. అప్పటిదాకా అమెరికా గుడ్లు కెనడాకు బాగానే వెళ్లేవి. ఆ తర్వాత వెళ్లడం దాదాపు మానేశాయి. ఏదైతేనేం, రెండు వైపులా లెక్క సమంగా సరిపోయింది.

ఇక్కడొక చిన్న సాంకేతిక విషయం ఉంది. పత్రికా సమావేశంలో ఎవరైనా అడిగితే మైకు పక్కవారికి ఇచ్చేయాలి. అమెరికాలోని కెంటకీలో నింపిన ఒక బర్బన్ విస్కీ సీసా ఓడెక్కి ఐరోపా రేవులో దిగిందనుకుందాం. కస్టమ్స్ దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడేది ఎవరు? కెంటకీవాడు కాదు, దాన్ని తెప్పించుకున్న ఐరోపా వ్యాపారి. సుంకం కట్టేది అతను, అందుకునేది అతని ఖజానా, చివరికి మోసేది చాలావరకు ఆ సీసా కొనుక్కునే అతని పక్కింటాయన. కెంటకీవాడు దయతలచి ధర కొంచెం తగ్గిస్తే తగ్గించవచ్చు, లేదంటే లేదు. కాబట్టి ప్రకటనలో ఎప్పుడూ "దీటైన జవాబు ఇచ్చాం" అని రాయాలి. "మావాళ్ల దగ్గర మేమే వసూలు చేస్తున్నాం" అని రాస్తే అంత గంభీరంగా ఉండదు.

సుంకం కట్టేది మనవాడే అయినా దెబ్బ అవతలివాడికి తగలాలి. అక్కడే ఉంది కళంతా. 2018లో అమెరికా, దేశ భద్రత పేరు చెప్పి ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వేసింది. కెనడా, ఐరోపా లాంటి మిత్రదేశాల ఉక్కు కూడా భద్రతకు ముప్పేనట. సరే. ఐరోపా సమాఖ్య వెంటనే ఒక జాబితా తీసింది. బర్బన్ విస్కీ, హార్లే-డేవిడ్‌సన్ మోటార్ సైకిళ్లు, జీన్సు, వేరుశనగ వెన్న. చూడ్డానికి ఎవరో కుర్రాడి పుట్టినరోజు కోరికల్లా ఉంటాయి. కానీ బర్బన్ అంటే కెంటకీ, అది అప్పటి సెనేట్ నాయకుడు మెక్‌కానెల్ రాష్ట్రం. హార్లే అంటే విస్కాన్సిన్, అది అప్పటి స్పీకర్ పాల్ రయాన్‌ది. ఆ జాబితా రాసినవాళ్లు బల్ల మీద వాణిజ్య లెక్కల పక్కన ఎన్నికల మ్యాపు కూడా పరుచుకున్నారన్నమాట.

హార్లే మీద 6 శాతమున్న సుంకం 31 అయింది. బండికి సగటున 2,200 డాలర్ల అదనపు ఖర్చని లెక్క చెప్పి, ఐరోపాకు పంపే బళ్లను ఇకపై అమెరికా బయట తయారుచేస్తామని కంపెనీ ప్రకటించింది. ఫ్యాక్టరీలను ఇంటికి రప్పించడానికి మొదలుపెట్టిన సుంకాల యుద్ధం, ఇంట్లో ఉన్న పనిని గడప దాటించింది. వ్యూహమంటే ఇలా ఉండాలి. ఎవరి వ్యూహమన్నది వేరే సంగతి.

సరుకుకీ గొడవకీ సంబంధం ఉండాలన్న చాదస్తం కూడా పెట్టుకోకూడదు. 1990లలో అమెరికా, ఐరోపా అరటిపండ్ల కోసం కొట్టుకున్నాయి. తన పాత వలసల పండ్లకు ఐరోపా పెద్దపీట వేస్తోందనీ, లాటిన్ అమెరికాలో పండించే అమెరికా కంపెనీలకు అన్యాయం జరుగుతోందనీ ఫిర్యాదు. అరటి పండించి ఎగుమతి చేసే దేశం అమెరికా కాదు. కందకు లేని దురద కత్తిపీటకు వచ్చిందని మీరనుకోవచ్చు గానీ, 1999లో ఏటా 19 కోట్ల డాలర్ల పైచిలుకు ప్రతీకారానికి ప్రపంచ వాణిజ్య సంస్థ అనుమతి కూడా ఇచ్చింది. అమెరికా వెళ్లి ఐరోపా హ్యాండ్‌బ్యాగుల మీదా దుప్పట్ల మీదా నూటికి నూరు శాతం సుంకం వేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడానికి అంతర్జాతీయ న్యాయవ్యవస్థ ముద్ర పడింది.

అంత దూకుడు వద్దనుకుంటే వాయిదా పద్ధతి ఉంది. ఇందులో భారత్‌ను మించినవారు లేరు. అదే ఉక్కు సుంకానికి జవాబుగా బాదం, ఆక్రోటు, యాపిల్, శనగల మీద సుంకం పెంచుతామని 2018 జూన్‌లో ప్రకటించింది. తర్వాత గడువు వచ్చిన ప్రతిసారీ ఇంకో గడువు. చివరికి 2019 జూన్‌లో అన్నంత పనీ చేసింది. ఏడాదిపాటు పైసా ఖర్చు లేకుండా పైకెత్తిన కర్ర అలాగే పట్టుకుని నిలబడటం మామూలు ఓపిక కాదు.

2025 ఏప్రిల్‌లో అమెరికా, చైనా ఈ ఓపికను బొత్తిగా పక్కన పెట్టాయి. ఒకరు 34 శాతం సుంకం అంటే ఇంకొకరు 34, తర్వాత 84, ఆపైన 125. వేలంపాటే, కాకపోతే సరుకు ఎవరికీ దక్కదు. అమెరికా వైపు మొత్తం 145 శాతానికి చేరింది. 125 దగ్గర చైనా ఆగి, ఈ రేటుకు అమెరికా సరుకు మా దగ్గర ఎలాగూ అమ్ముడుపోదు, ఇంకెంత పెంచినా పట్టించుకోం అంది. లెక్క వచ్చిన మాట. అసలు దెబ్బ సుంకంలో లేదు. మోటార్లలోని అయస్కాంతాలకు కావలసిన ఏడు రకాల అరుదైన లోహాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేయడంలో ఉంది. మే నెలలో ఇద్దరూ జెనీవాలో కూర్చుని, అమెరికా 30కి, చైనా 10కి దిగాయి.

ఇంత గోల దేనికి, కేసు వేయొచ్చు కదా అంటారు కొందరు పెద్దమనుషులు. వేయొచ్చు. జెనీవాలోనే ప్రపంచ వాణిజ్య సంస్థ ఉంది, వాదనలు వింటుంది, తీర్పూ ఇస్తుంది. ఓడినవాడు అప్పీలుకు వెళ్తాడు. అప్పీళ్లు వినే బెంచీలో కొత్తవారి నియామకాలకు అమెరికా అడ్డుపడటంతో 2019 డిసెంబర్ నుంచి అది పనిచేయడం లేదు. కేసు అక్కడికెళ్లి హాయిగా నిద్రపోతుంది. దానికంటే ముందే గెలిచింది కాబట్టి బ్రెజిల్ బాగుపడింది. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీలు చెల్లవని గెలిచి, సుంకాలే కాదు మీ పేటెంట్లు కూడా పక్కన పెడతామని బెదిరించింది. 2010లో రాజీ కుదిరింది. అమెరికా సబ్సిడీ మానలేదు. ఆ పాపానికి బ్రెజిల్ పత్తి రైతులకూ ఏటా 14.73 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. నేను చూసినంతలో ఇంతకంటే అందమైన రాజీ లేదు.

వేసిన సుంకాన్ని తర్వాత తీసేస్తే సరి అనుకునేవాళ్లకు కోడి కథ చెప్పాలి. 1962లో చవకైన అమెరికా కోడిమాంసాన్ని అడ్డుకోడానికి ఐరోపా సుంకం పెంచింది. ఏడాది తర్వాత అధ్యక్షుడు జాన్సన్ బంగాళాదుంప గంజిపొడి, డెక్స్‌ట్రిన్ (గంజిపొడి నుంచి చేసే జిగురు పదార్థం), బ్రాందీల మీద సుంకం పెంచి, చిన్న ట్రక్కుల మీద 25 శాతం వేశాడు. గురి పశ్చిమ జర్మనీ వోక్స్‌వ్యాగన్ వ్యాన్ల మీద. నియమాల ప్రకారం ఒక్క దేశం మీద వేయకూడదు కనుక అందరి ట్రక్కులకూ తగిలింది. మిగతావి తర్వాత పోయాయి, ట్రక్కుల మీదిది ఉండిపోయింది. 1970లలో జపాన్ కంపెనీ సుబారు తన బుల్లి ట్రక్కు వెనక రెండు ప్లాస్టిక్ కుర్చీలు బిగించి, ఇది కారేనంది. సుంకాలొద్దని 1987లో రేడియోలో చెప్పిన అమెరికా అధ్యక్షుడు రీగన్ ఇంట్లో కూడా అలాంటి బండి ఒకటుండేది.

తర్వాత అమెరికా కంపెనీయే ఈ బాట పట్టింది. టర్కీలో తయారైన ఫోర్డ్ వ్యాన్లు బాల్టిమోర్ రేవులో దిగేటప్పుడు వెనక సీట్లు, బెల్టులు, కిటికీ అద్దాలతో ముద్దుగా ఉండేవి. మనుషులెక్కే బండి కదా, సుంకం రెండున్నర శాతమే. కస్టమ్స్ దాటగానే సీట్లు ఊడదీసి, అద్దాల చోట రేకులు బిగించి, సరుకు వ్యాన్లుగా అమ్మేవారు. కోర్టుల్లో ఏళ్లు గడిచాయి. 2024లో 36.5 కోట్ల డాలర్లు కట్టి ఫోర్డ్ రాజీ చేసుకుంది. ఊడదీసిన ఆ కొత్త సీట్లు తుక్కు మిషన్లోకి వెళ్లాయి. వాటి మీద ఒక్కరూ కూర్చున్న పాపాన పోలేదు.